మారువేషం, మారుమాట

“వేషాలు వెయ్యకు!” అని ఇంట్లో మిమ్మల్ని ఎప్పుడో ఒకప్పుడు కోప్పడే ఉంటారు. ఆ తరువాత బడి వార్షికోత్సవంలో మీరు నాటకం ఆడితే, “మావాడు భలే వేషం వేశాడు” అని అదే నోటితో మురిసిపోయి ఉంటారు. మాట ఒక్కటే. ఒకచోట అది తిట్టు, ఇంకొకచోట మెప్పు. ఎందుకిలా?

వేషం అంటే అసలు అర్థం ఉడుపు, అంటే మనిషి వేసుకునే బట్ట. దాని ముందు ‘మారు’ చేరిస్తే మారువేషం అవుతుంది. ఈ ‘మారు’ అనే చిన్న మాటను కాస్త పట్టించుకోండి. మారుపేరు అన్నప్పుడు దానికి ‘వేరొకటి, బదులుగా వచ్చినది’ అని అర్థం. “వాడు మారు పలకలేదు” అన్నప్పుడు మాత్రం అర్థం ‘జవాబు’. మారుమాట అంటే జవాబే కదా! ఒకే మాటలో బదులు మనిషీ ఉన్నాడు, బదులు మాటా ఉంది. ఈ రెండు అర్థాలనూ గుర్తుంచుకోండి. కంప్యూటర్ల నెట్‌వర్కులో మంచి మారువేషానికీ దొంగ మారువేషానికీ ఉన్న తేడా మొత్తం ఈ రెండింటి మధ్యనే ఉంది.

రెండు రకాల వేషాలు

అజ్ఞాతవాసంలో పాండవులు విరాటరాజు కొలువులో చేరిన కథ మీకు తెలుసు. ధర్మరాజు కంకుడయ్యాడు. భీముడు వంటశాలలో వలలుడయ్యాడు. అర్జునుడు బృహన్నల, ద్రౌపది సైరంధ్రి. అయితే ఈ పేర్లు కాక, ఐదుగురు అన్నదమ్ములకూ తమలో తాము పిలుచుకోవటానికి జయుడు, జయంతుడు, విజయుడు, జయత్సేనుడు, జయద్బలుడు అనే రహస్యనామాలు కూడా ఉన్నాయి. ద్రౌపది ఆపదలో పడినప్పుడు ఆ పేర్లనే పెట్టి పిలిచింది. పిలుపు చేరవలసిన చోటికే చేరింది, భీముడు పరుగెత్తుకు వచ్చాడు. బయటివారికి తెలియకపోయినా, ఏ పేరు ఎవరిదో లోపల ఒక లెక్క ఉందన్నమాట.

ఓరుగల్లునే తీసుకోండి. గణపతిదేవుని కుమార్తె రుద్రమదేవి 13వ శతాబ్దంలో కాకతీయ సింహాసనం ఎక్కింది. శాసనాలలో ఆమెను రుద్రదేవ మహారాజు అనే పురుషనామంతో పేర్కొన్నారు. పేరు మారినా బాధ్యత మారలేదు. రుద్రదేవ మహారాజు పేర వెలువడిన ఆజ్ఞకు జవాబుదారీ ఆమే.

ఇక రెండో రకం. మేకవన్నె పులి అంటాం. గోముఖ వ్యాఘ్రం అంటాం. పెద్దమనిషి ముసుగు అంటాం. ఇక్కడ వేషం వేసినవాడు ఆ వేషానికి జవాబు చెప్పడు. పని అయిపోగానే మాయమవుతాడు. నింద మేకల మీద పడుతుంది.

ఎనుమాముల గేటు దగ్గర

వరంగల్లు కోటకు కొద్ది కిలోమీటర్ల దూరంలో ఎనుమాముల ఉంది. ఆసియాలోని పెద్ద వ్యవసాయ మార్కెట్లలో ఒకటిగా అక్కడి యార్డుకు పేరు. పత్తి కాలంలో యార్డు తెల్లగా, మిరప కాలంలో ఎర్రగా ఉంటుంది. అలాంటి రోజున వేల బస్తాలు దిగుతాయి. ఏ బస్తా ఎవరిదో ఎలా తెలుస్తుంది?

ఎనుమాముల మార్కెట్టు ఈ-నామ్ అనే జాతీయ పథకంలో ఉంది. ఇది 2016 ఏప్రిల్ 14న మొదలైంది. దేశంలోని మార్కెట్లను కంప్యూటరు ద్వారా కలపటం దీని ఉద్దేశం. ఈ పద్ధతిలో సరుకు గేటు దాటేటప్పుడు రైతు పేరు, ఊరు, సరుకు వివరాలు నమోదు చేసి, ఆ సరుకుకు ఒక లాట్ నంబరు ఇస్తారు. ఆ తరువాత ధర పడేది ఆ నంబరు మీదనే. ఖరీదుదారుకు కావలసింది కాయ రంగు, తేమ, నాణ్యత. రైతు పేరుతో అతనికి పని లేదు. అయినా కాంటా అయ్యాక తక్‌పట్టీ రైతు పేరుతోనే వస్తుంది. డబ్బు ఆ రైతుకే చేరాలి. ఎలా? లాట్ నంబరు వెనక ఏ పేరుందో నమోదు పుస్తకంలో ఉంది కనుక.

అంటే లాట్ నంబరు రైతు పేరుకు ముసుగు వేసింది కాని, ఆ పేరును మింగెయ్యలేదు. నమోదు ఉన్నంతకాలం ముసుగు వెనక్కి తియ్యవచ్చు. ఆ నమోదు చెరిగిపోతే? ఎవరి డబ్బు ఎవరికి ఇవ్వాలో తెలియక గందరగోళమే!

సరిగ్గా ఇదే ఉపాయం మీ ఇంట్లోని వైఫై పెట్టెలో కూడా ఉంది.

అంకెలు చాలలేదు

ఇంటర్నెట్టులో కంప్యూటర్లు చిన్న చిన్న పాకెట్లుగా సమాచారం పంపుకుంటాయి. ప్రతి పాకెట్టు మీద ఉత్తరం మీద ఉన్నట్టే రెండు చిరునామాలుంటాయి. ఒకటి ఎవరికి, రెండోది ఎవరి నుంచి. వీటిని ఐపీ అడ్రసులంటారు. 1981లో ప్రమాణంగా ప్రకటించిన పద్ధతిలో ఒక్కో అడ్రసు 32 బిట్ల పొడవు. బిట్ అంటే 0 గాని, 1 గాని. అంటే మొత్తం ఎన్ని అడ్రసులు వీలవుతాయి? రెండును 32 సార్లు వేసి గుణించండి. 429 కోట్ల 49 లక్షల 67 వేల 296 వస్తుంది.

చాలా పెద్ద సంఖ్యే! కాని 1981లో కూడా ప్రపంచ జనాభా ఇంతకంటె ఎక్కువే. ఇప్పుడు అది 800 కోట్లు దాటింది. మనిషికి ఒకటి చొప్పున పంచినా సగం మందికి కాస్త పైగా మాత్రమే సరిపోతాయి. పైగా ఒక్కొక్కరి ఇంట్లో ఫోను, టీవీ, కంప్యూటరు అన్నీ అడ్రసు అడిగేవే. చివరికి 2011 ఫిబ్రవరి 3న ప్రపంచ కేంద్ర నిధిలో మిగిలిన అడ్రసుల కట్టలను ప్రాంతీయ సంస్థలకు పంచటంతో ఆ నిధి ఖాళీ అయిపోయింది.

మరి ఆ రోజు ఇంటర్నెట్టు ఎందుకు ఆగిపోలేదు? చాలా ముందే ఇంజనీర్లు ఒక మారువేషం కనిపెట్టారు. 1994లో ఎగెవాంగ్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు దాని వివరాలు ప్రకటించారు. దాని పేరు అడ్రసు అనువాదం. లినక్స్ అనే వ్యవస్థలో దీనిలో ఒక రకానికి పెట్టిన పేరు ఇంకా బాగుంటుంది. అది మాస్కరేడు. మాస్కు తగిలించుకుని ఆడే నాట్యాన్ని ఇంగ్లీషులో అలా అంటారు. మన మాటలో చెప్పాలంటే మారువేషమే!

ఒక్క గుమ్మం, మూడు కంప్యూటర్లు

మార్కెట్టు దగ్గర ఒక అడ్తి దుకాణాన్ని ఊహించుకుందాం. అందులో మూడు కంప్యూటర్లు, ఒక్క ఇంటర్నెట్టు కనెక్షను ఉన్నాయి. మూడింటికీ లోపలి అడ్రసులు ఇలా ఉన్నాయనుకోండి.

మొదటిది: 192.168.1.11
రెండోది: 192.168.1.12
మూడోది: 192.168.1.13

192.168తో మొదలయ్యే అడ్రసులు ఇళ్లలో, దుకాణాలలో లోపలి వాడకానికే కేటాయించినవి. 10తో మొదలయ్యేవి కూడా అంతే. ఇవి “పెద్దోడు, చిన్నోడు” అనే ఇంటి పిలుపుల వంటివి. ప్రతి ఇంట్లోనూ ఒక చిన్నోడు ఉండవచ్చు. కాని ఉత్తరం మీద “చిన్నోడికి” అని రాసి డబ్బాలో వేస్తే పోస్టుమాను ఏం చేస్తాడు?

అందుకని గుమ్మం దగ్గర రౌటరు అనే పెట్టె కూర్చుంటుంది. దానికి బయటి ప్రపంచం గుర్తించే అడ్రసు ఒకటుంది. ఇలాంటి ఉదాహరణల కోసమే విడిగా ఉంచిన 203.0.113.5 అనే అడ్రసును దానికి ఇద్దాం.

మొదటి కంప్యూటరు బ్యాంకుకు ఒక ప్రశ్న పంపింది. పాకెట్టు రౌటరు దగ్గరకు వచ్చింది. రౌటరు ‘ఎవరి నుంచి’ అన్నచోట ఉన్న 192.168.1.11ను తీసేసి, తన సొంత అడ్రసు రాసింది. పక్కనే 40001 అని ఒక చిన్న నంబరు వేసింది. దీన్ని పోర్టు నంబరు అంటారు. ఇవి 0 నుంచి 65535 వరకు ఉంటాయి. అదే సమయంలో రెండో కంప్యూటరు కూడా అదే బ్యాంకును అడిగింది. దానికి 40002 వేసింది. పంపేముందు తన పట్టికలో ఇలా రాసుకుంది.

40001 – మొదటి కంప్యూటరుది
40002 – రెండో కంప్యూటరుది

బ్యాంకుకు రెండు ప్రశ్నలూ ఒకే అడ్రసు నుంచి వచ్చినట్టు కనిపిస్తాయి. అది రెండింటికీ 203.0.113.5కే జవాబు పంపుతుంది. ఒకటి 40001కి, రెండోది 40002కి. రౌటరు పట్టిక చూసి, ముసుగు తీసి, ఏ జవాబు ఎవరిదో వారికే అందిస్తుంది. లాట్ నంబరు, నమోదు పుస్తకం గుర్తుకు వస్తున్నాయా?

ఇందులో ఇంకొక లాభం కూడా ఉంది. బయటనుంచి ఎవరో పిలవని పాకెట్టు పంపారనుకోండి. రౌటరు పట్టికలో వెతుకుతుంది. ఆ నంబరు ఎవరికీ ఇవ్వలేదు. లోపల ఎవరికివ్వాలో తెలియదు కనుక సాధారణంగా దాన్ని పారేస్తుంది. అయితే దీన్నే తాళమనుకుని నిశ్చింతగా ఉండరాదు. లోపల ఉన్నవారే ఒక చెడ్డ లింకు నొక్కితే, పట్టికలో వరస పడుతుంది, ఆ జవాబుకు దారి దొరుకుతుంది. తలుపు లోపలినుంచి తీసినట్టే.

అడ్రసుల కరువును పూర్తిగా తీర్చే కొత్త పద్ధతి కూడా వచ్చింది. దానిలో అడ్రసు పొడవు 128 బిట్లు. వీలయ్యే అడ్రసులు సుమారు 34 పక్కన 37 సున్నాలు! దీని వాడకంలో మనదేశం ముందున్న దేశాలలో ఒకటి. అయినా పాత అడ్రసులూ, వాటితోపాటు ఈ మారువేషమూ ఇంకా వాడుకలో ఉన్నాయి.

ఒక మాట మరవకండి. ఈ ముసుగు వెనక దాక్కుని తోటి పిల్లలను దొంగపేరుతో ఏడిపించవచ్చునని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ఏ సమయంలో ఏ నంబరు ఎవరికిచ్చారో ఇంటర్నెట్టు సంస్థలు నమోదు ఉంచాలి. అవసరమైతే పోలీసులు దాన్ని అడగవచ్చు.

దొంగ అడ్రసు

పోస్టుకార్డు మీద ‘ఎవరి నుంచి’ అన్నచోట మీకు తోచిన పేరు రాయవచ్చు. పోస్టాఫీసువారు ‘ఎవరికి’ అన్నదే చూస్తారు. ఇంటర్నెట్టులో పాకెట్టును ముందుకు నడిపే రౌటర్లు కూడా మామూలుగా అంతే. కనుక ఒక దుర్మార్గుడు తన పాకెట్టు మీద వేరొకరి అడ్రసు రాయగలడు. ఇది రెండో రకం మారువేషం. అడ్రసు దొంగతనమన్నమాట.

పైకి రెండూ ఒకటే. రౌటరూ ‘ఎవరి నుంచి’ అన్నదాన్ని మార్చింది, దొంగా మార్చాడు. మరి తేడా ఎక్కడుంది? మారుమాట ఎక్కడికి చేరుతుందో చూడండి. రౌటరు రాసింది తన సొంత అడ్రసు. జవాబు దానికే వస్తుంది, అది అసలువారికి చేరుస్తుంది. దొంగ రాసింది పరాయి అడ్రసు. జవాబు ఆ పరాయివారికి పోతుంది. దొంగకు రాదు!

కొందరు దుర్మార్గులు దీన్నే ఆయుధంగా వాడుతారు. మీ బడి అడ్రసు వేసి ఎవరో వెయ్యి దుకాణాలకు “మీ ధరల పట్టిక పంపండి” అని కార్డులు రాశారనుకోండి. మర్నాటినుంచి బడికి మూటలకొద్దీ కాగితాలు! అసలు ఉత్తరాలు ఆ కుప్పలో మునిగిపోతాయి. నెట్‌వర్కులో కూడా ఇలాగే ఒకరి అడ్రసుతో వేల ప్రశ్నలు పంపి, జవాబుల వరదలో ఆ కంప్యూటరును ముంచుతారు. దీనికి విరుగుడు 1998లోనే ఇంజనీర్లు సూచించారు. ప్రతి సంస్థా తన వీధిలోనుంచి బయటకు పోయే పాకెట్టు మీద తన వీధి అడ్రసే ఉందా అని గుమ్మం దగ్గరే చూడాలి. లేకపోతే ఆపాలి. అందరూ పాటిస్తేనే ఇది పూర్తిగా ఫలిస్తుంది.

“ఒకటి కలిపి చెప్పు”

జవాబు దొంగకు చేరదు. ఈ బలహీనతనే కాపలాగా మార్చారు చూడండి!

రెండు కంప్యూటర్లు గట్టి సంభాషణ మొదలుపెట్టే ముందు చెయ్యి కలుపుకుంటాయి. “నేను ఫలానా అడ్రసు నుంచి మాట్లాడుతున్నాను” అని ఒకటి అంటుంది. రెండోది వెంటనే నమ్మదు. ఒక అంకె ఎంచుకుని ఆ అడ్రసుకు పంపుతుంది. “నువ్వు నిజంగా అక్కడే ఉంటే ఈ అంకె నీకు అందుతుంది. దానికి ఒకటి కలిపి చెప్పు” అన్నట్టు. అంకె 7,00,125 అయితే 7,00,126 అని జవాబు రావాలి. దొంగకు ఆ అంకె చేరదు కనుక చెప్పలేడు. కథ కంచికి!

కాని ఆ అంకెను ముందే ఊహించగలిగితే? కొన్ని పాత కంప్యూటర్లు ఈ అంకెలను ఒక వరసలో, సులభంగా లెక్క కట్టగలిగేట్టు ఇచ్చేవి. ఇది ప్రమాదమని 1985లోనే రాబర్ట్ మోరిస్ చూపించాడు. 1989లో స్టీవెన్ బెలోవిన్ మళ్లీ హెచ్చరించాడు. 1994 డిసెంబరు 25న అమెరికాలో సుతోము షిమోమురా అనే శాస్త్రజ్ఞుడి కంప్యూటర్ల మీద సరిగ్గా ఇలాగే దాడి జరిగింది. దాడి చేసినవాడు నమ్మకస్థుడైన ఒక కంప్యూటరు అడ్రసు పెట్టుకున్నాడు. ఆ అసలు కంప్యూటరు “నేను అడగలేదే!” అనకుండా దాని నోరు మూయించాడు. తనకు చేరని అంకెను లెక్కగట్టి చెప్పాడు. ఆ తరువాత ఈ అంకెలను వరస దొరకకుండా ఎంచటం మీద శ్రద్ధ పెరిగింది. అంకె 32 బిట్లది. అంటే గుడ్డిగా ఊహించాలంటే 429 కోట్లకు పైగా వీలుంటుంది.

మీ ఇంటి ఫోనుకు వచ్చే అంకెలు

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. బ్యాంకు పని చేసేటప్పుడు ఫోనుకు నాలుగో ఆరో అంకెల ఓటీపీ వస్తుంది కదా. అదేమిటో ఇప్పుడు మీరే చెప్పగలరు. “నువ్వు నిజంగా ఈ ఖాతా మనిషివైతే, నీ నంబరుకు పంపిన ఈ అంకెలు నీకు అందుతాయి. తిరిగి చెప్పు” అని బ్యాంకు అడుగుతోంది. కంప్యూటర్లు చెయ్యి కలుపుకున్న పద్ధతే!

పంట అమ్మిన రోజుల్లో మీ బాపుకో, తాతకో ఒక ఫోను వచ్చిందనుకోండి. “బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామండీ, మీ ఖాతా ఆగిపోతోంది, మీ ఫోనుకు వచ్చిన అంకెలు చెప్పండి” అంటుంది అవతలి గొంతు. ఆ మనిషి ఎవరు? అతడు అటువైపు బ్యాంకుతో మీ తాత వేషంలో మాట్లాడుతున్నాడు. ఇటువైపు మీ తాతతో బ్యాంకు వేషంలో మాట్లాడుతున్నాడు. రెండు వేషాలూ కుదిరాయి. ఒక్కటి మాత్రం కుదరలేదు. బ్యాంకు పంపిన మారుమాట అతనికి చేరలేదు, మీ తాత చేతిలోని ఫోనుకు చేరింది. అందుకే అంతగా బతిమాలుతున్నాడు, భయపెడుతున్నాడు. మీ తాత ఆ అంకెలు చెప్పనంతవరకు అతని వేషం సగంలోనే ఆగిపోతుంది.

కనుక ఇంట్లో పెద్దవారికి ఈ నాలుగు మాటలు చెప్పండి.

ఫోను తెర మీద కనిపించిన పేరునూ నంబరునూ చూసి నమ్మవద్దు. అవి పోస్టుకార్డు మీది ‘ఎవరి నుంచి’ వంటివి, మార్చవచ్చు.

అనుమానం వస్తే ఫోను పెట్టేసి, పాసుపుస్తకం మీదనో, కార్డు వెనకనో అచ్చయిన నంబరుకు మీరే చెయ్యండి. అప్పుడు మీ మారుమాట అసలు బ్యాంకుకే చేరుతుంది. దొంగ పరాయి పేరు పెట్టుకోగలడు కాని, ఆ పేరుగలవారి గడప దగ్గర కూర్చోలేడు.

యూపీఐలో డబ్బు అందుకోవటానికి పిన్ అక్కరలేదు. పిన్ అడిగారంటే డబ్బు మీ దగ్గరనుంచి పోతోందని అర్థం.

మోసపోతే సిగ్గుపడి ఊరుకోవద్దు. వెంటనే 1930కి ఫోను చెయ్యాలి. ఎంత త్వరగా చెబితే డబ్బును దారిలో ఆపటానికి అంత వీలు. మోసపోయినవారిని ఇంట్లో తిట్టవద్దు. తిడతారని భయపడే చాలామంది ఆలస్యం చేస్తారు.

మీరే చేసి చూడండి

ఒకే వైఫైకి రెండు ఫోన్లు కలపండి. రెండింటిలోనూ వైఫై సెట్టింగులలో ఐపీ అడ్రసు చూసి కాగితం మీద రాయండి. చాలామటుకు అవి 192.168తోనో, 10తోనో మొదలవుతాయి, చివరి అంకె తేడాగా ఉంటుంది. ఇప్పుడు రెండింటిలోనూ “నా ఐపీ అడ్రసు ఎంత?” అని ఇంటర్నెట్టులో వెతకండి. నాలుగు అంకెలు చుక్కలతో ఉన్న పాత రకం అడ్రసు కనిపిస్తే, రెండు ఫోన్లకూ ఒకటే ఉంటుంది. అదే మీ గుమ్మం వేసుకున్న మారువేషం. పొడుగాటి కొత్త రకం అడ్రసు కనిపిస్తే రెండూ వేరుగా ఉండవచ్చు. ఎందుకో పైన చదివినదాన్నిబట్టి ఆలోచించండి.

ఇక ఒక చిన్న లెక్క. ఓటీపీలో ఆరు అంకెలున్నాయి. ఒక్కసారి గుడ్డిగా చెబితే అది సరిపోయే అవకాశం ఎన్నింట ఒకటి? మూడుసార్లు తప్పు చెబితే బ్యాంకు తలుపు మూసేస్తుందనుకుంటే, దొంగకు మిగిలిన సులువైన దారి ఏది? లెక్క కట్టి జవాబు మీ తరగతిలో చెప్పండి. ఆ తరువాత ఇంటికి వెళ్లి, ఫోను ఎవరి చేతిలో ఉంటుందో వారికి కూడా చెప్పండి.